నార్తర్న్ లైట్స్: కార్బన్ నిల్వ సేవకు అసలు కొలత దాని మలినాల పట్టికే

నార్వేలోని నార్తర్న్ లైట్స్ సంస్థ కర్మాగారాలకు ఒక సేవను అమ్ముతుంది. పొగ నుంచి వేరుచేసి ద్రవంగా మార్చిన కార్బన్ డయాక్సైడ్‌ను రేవులో ఓడకెక్కించుకుని, బెర్గెన్ సమీపంలోని ఓయ్‌గార్డెన్ టర్మినల్‌కు చేర్చి, అక్కడి నుంచి దాదాపు 100 కిలోమీటర్ల పైప్‌లైన్‌ ద్వారా పంపి, సముద్రపు అడుగుకు సుమారు 2,600 మీటర్ల దిగువన ఉప్పునీరు నిండిన ఇసుకరాయి పొరలో శాశ్వతంగా ఉంచుతుంది. ఈక్వినార్, షెల్, టోటల్ ఎనర్జీస్ అనే చమురు సంస్థలు దీనిలో భాగస్వాములు. నార్వేలోనే ఉన్న బ్రెవిక్ సిమెంటు కర్మాగారం నుంచి వచ్చిన వాయువును 2025 ఆగస్టులో తొలిసారి భూగర్భంలోకి పంపారు. ఓడల గురించీ బావుల గురించీ ఇప్పటికే చాలామంది రాశారు. ఈ సమీక్ష ఆ సంస్థ బహిరంగంగా ప్రచురించిన నాణ్యతా పట్టికకే, అంటే తాను తీసుకునే కార్బన్ డయాక్సైడ్‌లో ఏ మలినం ఎంతవరకు ఉండవచ్చో చెప్పే జాబితాకే, పరిమితం, ఎందుకంటే ఈ సేవ ఎవరికి అందుతుందో, ఎంత ఖర్చుకు అందుతుందో తేల్చేది ఆ పట్టికే.

పట్టిక చాలా కఠినంగా ఉంది. నీరు 30 పీపీఎం (పది లక్షల భాగాల్లో 30 భాగాలు), ఆక్సిజన్ 10, గంధక ఆక్సైడ్లు 10, హైడ్రోజన్ సల్ఫైడ్ 9, హైడ్రోజన్ 50 దాటకూడదు. మొదట 10గా ఉన్న నత్రజని ఆక్సైడ్ల పరిమితిని తర్వాత 1.5కు కుదించారు. పోలిక కోసం నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ రేవులో నిర్మిస్తున్న పోర్తోస్ అనే కార్బన్ నిల్వ వ్యవస్థను చూస్తే, అక్కడ కార్బన్ డయాక్సైడ్ 95 శాతం ఉంటే చాలు. నీరు 70 పీపీఎం వరకు, ఆక్సిజన్ 40 వరకు చెల్లుతాయి. ఈ తేడాలో అధిక భాగం రవాణా పద్ధతి నుంచే వచ్చింది. పోర్తోస్ సేకరణ గొట్టంలో వాయువు వాయువుగానే ప్రయాణిస్తుంది. నార్తర్న్ లైట్స్ ఓడల్లో మాత్రం సుమారు 15 బార్ పీడనం దగ్గర, సున్నాకు 26 డిగ్రీలు దిగువన ద్రవంగా ఉండాలి. అంత చలిలో కొద్దిపాటి నీరు విడివడినా మంచుగానో హైడ్రేట్‌గానో (నీరూ వాయువూ కలిసిన మంచులాంటి ఘనపదార్థం) గట్టిపడి కవాటాలను మూసివేయగలదు. నత్రజని, ఆర్గాన్, హైడ్రోజన్ వంటివి ద్రవంలో ఇమడక ట్యాంకు పైభాగంలో చేరి, పీడనాన్ని పెంచుతాయి. 7,500 ఘనమీటర్ల ట్యాంకులున్న ఓడకు ఆ పీడనం చిన్న సంగతి కాదు.

నత్రజని ఆక్సైడ్ల పరిమితిని కుదించడం నాకు ఈ పట్టికలో అన్నిటికన్నా ఆసక్తి కలిగించిన అంశం. విడిగా చూస్తే 10 పీపీఎం హానిచేసే మోతాదులా కనిపించదు. కానీ నార్వేలోని శక్తి సాంకేతిక పరిశోధన సంస్థ ప్రయోగాలు చూపినట్టు, నత్రజని డయాక్సైడ్, గంధక డయాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్, ఆక్సిజన్, నీరు ఒకే ప్రవాహంలో కలిసినప్పుడు, నీరు తనంతట తాను విడివడే స్థాయికి ఎంతో దిగువన ఉన్నా, అవి పరస్పరం చర్య జరిపి గంధకామ్లాన్నీ నత్రికామ్లాన్నీ, కొన్నిసార్లు ఘన గంధకాన్నీ పుట్టిస్తాయి. నత్రజని డయాక్సైడ్ ఇతర మలినాలను ఆక్సీకరించి తాను నైట్రిక్ ఆక్సైడ్‌గా మారుతుంది. ఆక్సిజన్ దొరికితే మళ్లీ మొదటి రూపానికి వచ్చి అదే పని కొనసాగిస్తుంది. అందుకే దాని కొద్దిపాటి మోతాదు కూడా మామూలు ఉక్కు గొట్టానికి ప్రమాదకరం. పరిమితిని కుదించడం సరైన పనేనని నా అభిప్రాయం.

అయితే పట్టిక ప్రతి మలినానికీ విడి గీత గీయడమే దాని బలహీనత కూడా. పాల కేంద్రంలో ఇంటింటి పాలూ విడివిడిగా పరీక్షకు నిలిచినా, ఒకే క్యానులో కలిశాక విరిగిపోయే అవకాశం ఉన్నట్టే, సిమెంటు కర్మాగారం పంపిన నత్రజని ఆక్సైడూ మరో చోటి నుంచి వచ్చిన హైడ్రోజన్ సల్ఫైడూ తమ తమ గీతలు దాటకుండానే టర్మినల్ ట్యాంకులో కలుసుకోవచ్చు. బ్రెవిక్ ఒక్కటే సరఫరాదారుగా ఉన్నంతకాలం ఈ ప్రశ్నకు పెద్దగా చోటు లేదు. నెదర్లాండ్స్ ఎరువుల కర్మాగారం, డెన్మార్క్ బయోమాస్ విద్యుత్ కేంద్రాలు, స్టాక్‌హోమ్ ఉష్ణ కేంద్రం ఒప్పందాలు కుదుర్చుకోగా, ఏడాదికి 15 లక్షల టన్నుల సామర్థ్యాన్ని కనీసం 50 లక్షలకు పెంచాలని 2025లో నిర్ణయించారు. ఇకపై అది వాస్తవ ప్రశ్న.

భూమి లోపల పరిస్థితి కొంత తేలిక. నత్రజని వంటివి సాంద్రతను తగ్గించి రాతిలోని చోటును వృథా చేస్తాయి. గంధక డయాక్సైడ్ ఉప్పునీటిని మరింత ఆమ్లంగా మారుస్తుంది. ఆక్సిజన్ సూక్ష్మజీవులకు ఊతమివ్వడమే కాక, ఉప్పునీరు తగిలే చోట బావి గొట్టాలను తుప్పుపట్టిస్తుంది. అయినా ఓడకూ పైప్‌లైన్‌కూ సరిపడేలా శుద్ధిచేసిన వాయువుతో ఇసుకరాయికి పెద్ద ఇబ్బంది ఉండదు. నార్వే తీరంలోని స్లైప్నర్ సహజవాయు క్షేత్రంలో 1996 నుంచి కొంత మీథేన్ కలిసిన, నీటితో సంతృప్తమైన కార్బన్ డయాక్సైడ్‌నే తుప్పుపట్టని ఉక్కు గొట్టాల ద్వారా నింపుతున్నారు.

ఖర్చు మాత్రం పూర్తిగా వినియోగదారుడి వైపే ఉంది. ఆక్సిజన్‌ను 10 పీపీఎంకు దించాలంటే కొందరు హైడ్రోజన్ కలిపి ఉత్ప్రేరకం మీద నడుపుతారు. అప్పుడు కొత్తగా నీరు పుడుతుంది, దాన్ని మళ్లీ ఆరబెట్టాలి. మిగిలిన హైడ్రోజన్ ఇంకో గీతను తాకుతుంది. లేదంటే ద్రవీకరణ దశలోనే స్వేదనం చేయాలి, దానికి అదనపు విద్యుత్ కావాలి. పొగలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకునే అమైన్ అనే రసాయన ద్రావణంతో వాయువును పట్టేవారు ఆ ద్రావణపు ఆవిరిని, అది విచ్ఛిన్నమైనప్పుడు పుట్టే ఆల్డిహైడ్లనే రసాయనాలను కూడా పీపీఎం స్థాయిలో కొలిచి చూపాలి.

రేవు పక్కనే ఉండి, శుద్ధి యంత్రాలకు స్థలమూ పెట్టుబడీ ఉన్న పెద్ద కర్మాగారానికి ఈ సేవను నిస్సంకోచంగా సూచిస్తాను. చెత్తను కాల్చి విద్యుత్ తీసే చిన్న కేంద్రానికి, అక్కడి పొగ కూర్పు పూటపూటకూ మారుతుంది కనుక, అంత ధీమాగా చెప్పలేను. ఎవరైనా సరే సంతకానికి ముందు రెండు విషయాలు లిఖితపూర్వకంగా అడిగి తీసుకోవాలి: గీత దాటిన ద్రవాన్ని ఓడ నిరాకరిస్తే ఆ రోజు దాన్ని ఎక్కడ నిల్వచేయాలి, టర్మినల్‌లో కలిసిన తర్వాత ఆమ్లం కనబడితే అది ఎవరి వాయువు నుంచి పుట్టిందో ఎలా తేలుస్తారు.