లడఖ్ దారికి పాత జిప్సీయా, పాత థార్ డీజిలా?

సెకండ్ హ్యాండ్‌లో ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొని లడఖ్‌కి తయారుచేసుకోవాలంటే చివరికి ఈ రెండే మిగులుతాయి.

మారుతి జిప్సీ 1985లో వచ్చింది. నిచ్చెన ఛాసిస్ (నిచ్చెన ఆకారపు ఇనుప చట్రం), ముందూ వెనకా కమాన్ కట్టలు (లీఫ్ స్ప్రింగులు), బరువు టన్నుకి అటూ ఇటూ. ఇసుకలో దిగబడితే నలుగురు తోస్తే లేస్తుంది. కానీ సీట్లో నడుం విరుగుతుంది, అది వేరే సంగతి!

2010లో వచ్చిన మహీంద్రా థార్‌కి 2.5 లీటర్ల టర్బో డీజిల్ ఇంజన్. టర్బో అంటే ఇంజన్‌లోకి గాలిని బలంగా తోసే పరికరం. అయిదు వేల మీటర్ల ఎత్తున గాలి ఒత్తిడి దాదాపు సగానికి పడిపోతుంది. అక్కడ టర్బో లేని జిప్సీ పెట్రోల్ ఇంజన్ ఆయాసపడుతుంది, థార్ లాక్కెళ్తుంది. అయితే ఎక్కువ ఒత్తిడితో డీజిల్ చిమ్మే దాని కామన్ రైల్ ఇంజెక్టర్‌కి కల్తీ డీజిల్ పడదు. దారిలో మొరాయిస్తే రోడ్డు పక్క మెకానిక్‌కి లొంగదు.

మనాలి నుంచి లడఖ్ వెళ్లే దారిలో తండి అనే ఊరి పెట్రోల్ బంకు దాటితే తర్వాతి బంకు 365 కిలోమీటర్లని బోర్డు ఉండేది. జిప్సీ ట్యాంకు 40 లీటర్లే, జెర్రీ క్యాన్లు (విడిగా ఇంధనం మోసే డబ్బాలు) తప్పవు.

సామాను తక్కువైతే నా ఓటు జిప్సీకే. నలుగురు, టెంట్లు, వంటసామాను అంటే మాత్రం థార్. కొనేముందు ఛాసిస్ కింద తుప్పు చూడండి.