హంటర్‌కా, జెంటీకా? 'కాలేజ్ ఫుట్‌బాల్ 25' ఆడిన తర్వాత హైస్‌మన్ ట్రోఫీపై నా అభిప్రాయం

అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్‌లో ఏటా ఒక్క ఆటగాడికే ఇచ్చే హైస్‌మన్ ట్రోఫీ 2024లో కొలరాడో విశ్వవిద్యాలయం ఆటగాడు ట్రావిస్ హంటర్‌కు దక్కింది. అది బోయిసీ స్టేట్ విశ్వవిద్యాలయం రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరుగెత్తే ఆటగాడు) ఆష్టన్ జెంటీకి రావలసిందని వాదించినవారు తక్కువేమీ కాదు. కొంతకాలం నేను కూడా అటే మొగ్గాను. నా అభిప్రాయం మారడానికి టీవీలో చూసిన మ్యాచ్‌ల కంటే ఎక్కువగా ఈఏ స్పోర్ట్స్ సంస్థ వీడియో గేమ్ 'కాలేజ్ ఫుట్‌బాల్ 25' కారణమైంది కనుక, ఈ సమీక్షలో ఆ రెండింటినీ కలిపే చెబుతున్నాను.

ఈ గేమ్ 2024 జూలై 19న విడుదలైంది. విద్యార్థి ఆటగాళ్లకు పైసా ఇవ్వకుండా వారి రూపురేఖలను వాడుకుంటున్నారన్న వ్యాజ్యాల కారణంగా 2013 తర్వాత ఆగిపోయిన ఈ గేమ్‌ల వరుస, ఈసారి అంగీకరించిన ఒక్కొక్క ఆటగాడికి 600 డాలర్లూ ఒక గేమ్ ప్రతీ ఇచ్చి, నిజమైన పేర్లతో తిరిగి వచ్చింది. మొత్తం 134 జట్లు ఉన్నాయి. బోయిసీ స్టేట్ నీలిరంగు మైదానాన్ని తెరపై చూసినప్పుడు కలిగిన ఆనందం నాకు ఇంకా గుర్తుంది. ముఖచిత్రం మీద ఉన్న ముగ్గురిలో హంటర్ ఒకడు.

ఇందులో నేను ఎక్కువ కాలం గడిపింది 'రోడ్ టు గ్లోరీ' అనే విభాగంలో. ఒక కొత్త ఆటగాణ్ణి సృష్టించుకుని, కోచ్ నమ్మకాన్ని సంపాదించుకుంటూ, చదువుకూ సాధనకూ వారంలో ఎంతెంత సమయం ఇవ్వాలో నిర్ణయించుకుంటూ నాలుగేళ్ల కాలేజీ జీవితాన్ని గడపాలి. నేను రక్షణలో ఆడే కార్నర్‌బ్యాక్‌ను ఎంచుకున్నాను. ప్రత్యర్థి రిసీవర్‌ను, అంటే విసిరిన బంతిని అందుకునేవాణ్ణి, నీడలా వెంటాడి, మన జట్టు చేతికి బంతి రాగానే దాడికి వేరే ఆటగాళ్లు దిగుతారు కనుక పక్కకు తప్పుకుంటాం. మన వంతు మళ్లీ వచ్చేవరకు జరిగేదంతా గేమ్ తనంతట తానే నడిపించేస్తుంది. హంటర్ గొప్పదనం నాకు అర్థమైంది సరిగ్గా అక్కడే. గేమ్ నాకు విశ్రాంతిగా దాటవేసిన ఆ భాగంలో అతడు వైడ్ రిసీవర్‌గా మైదానంలోనే ఉన్నాడు. ఆ సీజన్‌లో దాడిలోనూ రక్షణలోనూ కలిపి 1,300కు పైగా స్నాప్‌లలో (మ్యాచ్‌లో బంతి కదిలిన ప్రతిసారీ సాగే ఒక్కో ఎత్తుగడలో) పాల్గొన్నాడు. అలా అలసిపోతూనే 96 క్యాచ్‌లు, 1,258 గజాలు, 15 టచ్‌డౌన్లు (బంతిని ప్రత్యర్థి గీత దాటించి పాయింట్లు తేవడం) సాధించి, రక్షణలో నాలుగు ఇంటర్‌సెప్షన్లు (ప్రత్యర్థి విసిరిన బంతిని మధ్యలోనే అందుకోవడం) కూడా పట్టాడు. ఉత్తమ రిసీవర్‌కు ఇచ్చే బిలెట్నికాఫ్ అవార్డునూ, ఉత్తమ రక్షణ ఆటగాడికి ఇచ్చే బెడ్నారిక్ అవార్డునూ ఒకే ఏడాది అందుకున్నాడు.

జెంటీ పక్షాన బలం లేదని అనను. ఆ సీజన్‌లో అతడు బంతితో 2,601 గజాలు పరుగెత్తాడు. 1988లో బ్యారీ శాండర్స్ అనే రన్నింగ్ బ్యాక్ నెలకొల్పిన 2,628 గజాల ఒకే సీజన్ రికార్డుకు 27 గజాల దూరంలో మాత్రమే ఆగాడు. అయితే శాండర్స్ దానిని సాధించింది 11 మ్యాచ్‌లలోనే. హైస్‌మన్ ఓట్లలో హంటర్‌కు 2,231 పాయింట్లు, జెంటీకి 2,017 పాయింట్లు వచ్చాయి. జెంటీ చేసినదాన్ని అంతకు ముందు ఒకరు చేసి చూపించారు. హంటర్ స్థాయిలో దాడి, రక్షణ రెండు వైపులా ఆడినవాడు ఈ కాలంలో మరొకడు కనిపించడు. 1997లో ఇదే ట్రోఫీ గెలిచిన చార్లెస్ వుడ్‌సన్ కూడా ప్రధానంగా కార్నర్‌బ్యాకే, దాడిలో కనిపించింది అప్పుడప్పుడు మాత్రమే. అందుకే నా ఓటు హంటర్‌కే.

గేమ్‌లో నాకు నచ్చని విషయం కూడా దీనితోనే ముడిపడి ఉంది. 'రోడ్ టు గ్లోరీ'లో క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరేవాడు), హాఫ్‌బ్యాక్ (రన్నింగ్ బ్యాకే), వైడ్ రిసీవర్, కార్నర్‌బ్యాక్, మిడిల్ లైన్‌బ్యాకర్ (రక్షణ మధ్యలో నిలిచేవాడు) అనే ఐదు స్థానాలే ఉన్నాయి, వాటిలో ఒక్కదాన్నే ఎంచుకోవాలి. ముఖచిత్రం మీది మనిషిలా రెండు వైపులా ఆడే అవకాశం లేదు. జెంటీ లాంటివారికి దారి తెరిచే లైన్‌మన్‌గా ఆడటమూ కుదరదు. విడుదలనాడు దీని ధర దాదాపు 70 డాలర్లు. పీసీలో ఆడలేము, ప్లేస్టేషన్ 5 గానీ ఎక్స్‌బాక్స్ సిరీస్ కన్సోల్ గానీ తప్పనిసరి. అమెరికన్ ఫుట్‌బాల్ నియమాలు కొంతైనా తెలిసినవారు, ముఖ్యంగా అక్కడ చదువుకుంటూ తమ కాలేజీ జట్టును అభిమానించే మన విద్యార్థులు, నిస్సందేహంగా కొనవచ్చు. మొదటి సీజన్‌ను మాత్రం కార్నర్‌బ్యాక్‌గానే మొదలుపెట్టమని కోరుతున్నాను.