పాక్-మ్యాన్ బోర్డు లేవకపోతే: లాజిక్ ప్రోబా, ఆసిలోస్కోపా, ఫ్లూక్ 9010ఏనా?

1980లో నామ్కో తయారుచేయగా అమెరికాలో మిడ్‌వే అమ్మిన ఆర్కేడ్ వీడియో గేమ్ పాక్-మ్యాన్ సర్క్యూట్ బోర్డు ఒకటి బల్ల మీద ఉందనుకోండి. కరెంటు ఇస్తే తెర నిండా గజిబిజి అక్షరాలు కనిపిస్తాయి, కాసేపటికోసారి అవి మారిపోతుంటాయి, గేమ్ మాత్రం మొదలవదు. బాగుచేయాలంటే లాజిక్ ప్రోబ్, ఆసిలోస్కోప్, ఫ్లూక్ 9010ఏ అనే మూడు పరికరాల్లో ఏది కొనాలి? ధర చూసి, మీటల సంఖ్య చూసి తేల్చే విషయం కాదిది. బాగున్న చిప్పును ఊడదీయకుండా ఏది మనల్ని ఆపగలదో అదే మేలైన పరికరం అంటాను. నలభై ఏళ్ళు దాటిన బోర్డు మీద చిప్పు ఊడదీసిన ప్రతిసారీ దాని కింది రాగి ప్యాడ్ లేచి వచ్చే ప్రమాదం ఉంది. నామ్కో తన కోసం చేయించుకున్న కస్టమ్ చిప్పులైతే ఇప్పుడు తయారీలోనే లేవు.

ఏది కొన్నా, మొదటి కొలత మామూలు మల్టీమీటర్‌దే. 5 వోల్టులు ఉన్నాయో లేవో చిప్పు కాళ్ళ దగ్గరే చూడాలి. 4.75కీ 5.25కీ మధ్య లేకపోతే మిగతా పరీక్షలన్నీ వృథా. మిడ్‌వే బోర్డు ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఏసీ తీసుకుని 5 వోల్టులు తన మీదే తయారుచేసుకుంటుంది. ఆ కరెంటంతా ఎడ్జ్ కనెక్టర్ (బోర్డు అంచున తీగలు తగిలించే చోటు) గుండానే వస్తుంది కాబట్టి దాని పళ్ళు మాడిపోయి కనిపించడం మామూలే.

లాజిక్ ప్రోబ్ ఈ మూడింటిలో చవక. సుమారు 0.8 వోల్టుల కంటే తక్కువైతే లో, 2 వోల్టుల పైనైతే హై, సిగ్నల్ మారుతుంటే పల్స్ అని లైట్లతో చెబుతుంది. ఇంత చిన్నదాన్ని తక్కువగా చూడకండి. పాక్-మ్యాన్ ప్రాసెసర్ జెడ్80లో 6వ పిన్ క్లాక్ (పనికి తాళం వేసే సిగ్నల్), 24 వెయిట్ (ఆగమనేది), 26 రీసెట్ (మళ్ళీ మొదలుపెట్టమనేది). ఈ మూడూ ముట్టుకుంటే ప్రాసెసర్‌కు పనిచేసే అవకాశం ఉందో లేదో నిమిషంలో తెలుస్తుంది. రీసెట్ పిన్ ఆగి ఆగి కొట్టుకుంటోందంటే అది వాచ్‌డాగ్ పని. ప్రోగ్రామ్ తాను నడుస్తున్నట్టు ఎప్పటికప్పుడు తెలపకపోతే వాచ్‌డాగ్ కౌంటర్ నిండిపోయి బోర్డును మళ్ళీ మొదటికి తెస్తుంది. తెర మీది గజిబిజి మారుతూ ఉండటానికి చాలాసార్లు కారణం ఇదే.

ఫుజిత్సు తయారుచేసిన టీటీఎల్ చిప్పుల (చిన్న చిన్న లాజిక్ పనులు చేసే మామూలు చిప్పుల) దగ్గర కూడా ప్రోబ్ బాగా అక్కరకొస్తుంది. వాటి అవుట్‌పుట్‌లు లోపల తెగి, లో కాక హై కాక వదిలేసినట్టు ఉండిపోవడం ఈ పని చేసేవాళ్ళందరికీ అనుభవమే. ఇన్‌పుట్‌ల మీద పల్స్ ఉండి, అవుట్‌పుట్ దగ్గర ఏ లైటూ వెలగకపోతే అనుమానం నేరుగా ఆ చిప్పు మీదకే పోతుంది. అయితే చిప్పు మూడు స్థితుల బఫరైతే, అంటే హై, లో కాక అవుట్‌పుట్‌ను కావాలనే వదిలేయగలిగేదైతే, దాన్ని పనిచేయించే ఎనేబుల్ పిన్ చూశాకే ఆ మాట అనాలి.

ప్రోబ్‌కు ఆకారం తెలియదు. రెండు చిప్పులు ఒకే లైన్ మీద ఒకేసారి మాట్లాడితే వోల్టేజీ హైకీ లోకీ నడుమ ఎక్కడో చిక్కుకుంటుంది. ప్రోబ్ అక్కడా పల్స్ అనే అంటుంది, మనమూ బాగుందనుకుని ముందుకు పోతాం. సిగ్నల్ ఆకారాన్ని తెర మీద గీసి చూపే ఆసిలోస్కోప్‌లో ఆ సగం ఎత్తు మెట్టు కంటికి కనిపిస్తుంది. పాక్-మ్యాన్ క్రిస్టల్ 18.432 మెగాహెర్ట్జ్, దాన్ని ఆరో వంతు చేస్తే వచ్చే 3.072 మెగాహెర్ట్జ్ జెడ్80 క్లాక్. ఈ వేగాలకు 50 మెగాహెర్ట్జ్ రెండు చానళ్ళ స్కోప్ చాలు, అంతకు మించినదానికి డబ్బు పోయనక్కర్లేదు.

ఈ రెండింటితోనూ ఉన్న అసలు ఇబ్బంది ఒకటే. ప్రాసెసర్ దారి తప్పి తిరుగుతుంటే అడ్రస్, డేటా లైన్లన్నీ కొట్టుకుంటూనే ఉంటాయి. అందులో ఏది సరైన కదలికో ఎలా చెబుతాం?

ఫ్లూక్ 9010ఏ ఆ చిక్కును విప్పుతుంది. 1980ల మొదట్లో వచ్చిన ఈ పరికరం బోర్డు ప్రాసెసర్‌ను పక్కన పెట్టి తానే ఆ స్థానంలో కూర్చుంటుంది. జెడ్80, 6502, 6809, 68000 ఇలా ఒక్కో ప్రాసెసర్‌కు ఒక్కో పాడ్ (కేబుల్‌తో పెట్టెకు తగిలించే చిన్న పెట్టె) ఉంటుంది. జెడ్80 సాకెట్‌లో పాడ్ ప్లగ్ పెట్టి బస్ టెస్ట్ నొక్కితే, ఏవైనా లైన్లు ఒకదానికొకటి అతుక్కున్నాయా, కదలకుండా బిగుసుకున్నాయా అని చూస్తుంది. తర్వాత ర్యామ్ (రాసి చదివే మెమరీ) టెస్ట్. తప్పు దొరికితే ఏ అడ్రస్ దగ్గర, ఏ బిట్లో అన్నది చూపిస్తుంది.

ఆ బిట్ నంబరే బంగారం. పాక్-మ్యాన్‌లో (హెక్సాడెసిమల్ అడ్రస్‌లలో) 4000 నుంచి వీడియో ర్యామ్, 4400 నుంచి కలర్ ర్యామ్, 4సీ00 నుంచి ప్రోగ్రామ్ వాడుకునే ర్యామ్. ఒక్కో భాగానికి రెండేసి 2114 ర్యామ్ చిప్పులు, ఒక్కో చిప్పు నాలుగు బిట్లు మోస్తుంది. 4400 భాగంలో మాత్రమే పై నాలుగు బిట్లలో తప్పు వస్తే ముందుగా అనుమానించాల్సింది ఒక్క చిప్పునే. మూడు భాగాల్లోనూ అదే బిట్ తప్పితే మూడు చిప్పులు కలిసి చచ్చిపోయాయని నమ్మడం కష్టం. అప్పుడు వాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్న డేటా దారిని, ప్రాసెసర్‌కూ వీడియో సర్క్యూట్‌కూ ర్యామ్‌ను వంతులేసే సింక్ బస్ కంట్రోలర్‌ను చూడాలి. ప్రోబ్ ఒక్కటే ఉన్నవాళ్ళు ఈ దశలో ఆరు ర్యామ్‌లూ పీకేస్తారు. దాన్ని ఆపడంలో ఫ్లూక్‌కు సాటి లేదు.

పైగా తప్పు దొరికిన చోటే అదే రాత, అదే చదువు ఆగకుండా తిప్పుతూ ఉండగలదు. సిగ్నల్ స్థిరంగా తిరుగుతుంటుంది కాబట్టి స్కోప్ పట్టుకుని చిప్పు నుంచి చిప్పుకు వెనక్కి నడవచ్చు. స్కోప్ నిజమైన విలువ నాకు ఇక్కడే కనిపిస్తుంది.

ఫ్లూక్‌కూ చూపు అందని చోట్లున్నాయి. పాడ్ క్లాక్ బోర్డు నుంచే రావాలి. అది లేకపోతే పాడ్ జవాబివ్వలేదన్న సందేశం తప్ప ఏమీ రాదు, మళ్ళీ ప్రోబ్ పట్టుకోవాల్సిందే. బోర్డు మీద 5ఈ, 5ఎఫ్ అని గుర్తున్న స్థానాల్లోని బొమ్మల రోమ్‌లు (చదవడానికే ఉన్న మెమరీ చిప్పులు) ప్రాసెసర్ బస్సు మీద ఉండవు, వీడియో సర్క్యూట్ వాటిని నేరుగా చదువుకుంటుంది. గేమ్ చక్కగా నడుస్తూ దెయ్యాల బొమ్మలు మాత్రం చీలికలైతే ఫ్లూక్ బయటికి తీయడమే దండగ. ఆ రోమ్‌లను సాకెట్ నుంచి తీసి ఈప్రామ్ ప్రోగ్రామర్‌లో (అలాంటి చిప్పులను చదివే, రాసే పరికరంలో) చదివి, పాత ఆర్కేడ్ గేములను కంప్యూటర్‌లో నడిపే మేమ్ ఎమ్యులేటర్‌లో నమోదైన సీఆర్‌సీ (లోపలి డేటాను సరిచూసే సంఖ్య)తో పోల్చండి, చాలు.

సిగ్నేచర్ అనలైజర్ అనే మరో దారి ఉంది. హెచ్‌పీ 5004ఏ గానీ, అటారీ క్యాట్ బాక్స్ గానీ ఒక బిందువు దగ్గర వచ్చే బిట్ల వరుసను నాలుగు అక్షరాల గుర్తుగా కుదిస్తుంది. మంచి బోర్డు గుర్తులు ముందే చేతిలో ఉండాలి. అటారీ కొన్ని గేముల స్కీమాటిక్స్ (సర్క్యూట్ పటాలు)లో వాటిని అచ్చువేసింది, అలాంటి 6502 బోర్డులు ఎక్కువగా చేసేవాళ్ళకే దీన్ని సూచిస్తాను.

ఒకటి రెండు బోర్డులే ఉన్నవాళ్ళు ప్రోబ్ కొనండి, దానితోపాటు ఆ బోర్డు స్కీమాటిక్ అచ్చు తీసి పెట్టుకోండి. పని పెరిగితే తర్వాతి డబ్బు స్కోప్‌కే. ఎందుకంటే వీడియో, సౌండ్, క్లాక్ ఏది చెడినా అది పనికొస్తుంది. లేవని బోర్డులు వరసగా వస్తుంటేనే ఫ్లూక్. అంతకు ముందు ఆర్డూయినో మెగా అనే చవక మైక్రోకంట్రోలర్ బోర్డుతో ప్రాసెసర్ సాకెట్‌లో కూర్చునే టెస్టర్లు ప్రయత్నించవచ్చు. అవి చాలా తక్కువ ఖర్చులో అవే బస్, ర్యామ్ పరీక్షలు చేస్తాయి. అయితే బోర్డు అసలు వేగంతో కాక నిదానంగా చదువుతాయి కాబట్టి వేడెక్కాకో, వేగం మీదో మాత్రమే తప్పే చిప్పులు వాటి కన్నుగప్పవచ్చు.

ఫ్లూక్ కొనేవాళ్ళు పెట్టెకన్నా పాడ్‌ను జాగ్రత్తగా చూడాలి. దాని రిబ్బన్ కేబుల్ మడతల దగ్గర తెగుతుంది, ప్లగ్ పిన్నులు వంగి విరుగుతాయి. పాడ్ మీదే సెల్ఫ్ టెస్ట్ సాకెట్ ఉంటుంది. డబ్బు ఇచ్చేముందు ప్లగ్ అందులో పెట్టి పరీక్ష నడిపి చూపమని అమ్మేవాళ్ళను అడగండి.