ఇతరుల పైథాన్ కోడ్ దిద్దడం: మూడేళ్ల తర్వాత నా సమీక్ష

ఎక్సర్‌సిజమ్‌లో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషకు మెంటర్‌గా చేరి మూడేళ్లు దాటింది. తెలియనివాళ్ల కోసం: కత్రీనా ఓవెన్ 2013లో మొదలుపెట్టిన ప్రోగ్రామింగ్ సాధన సైటు ఇది. లాభాపేక్ష లేనిది, నేర్చుకునేవాళ్లకు ఉచితం. వాళ్లు ఒక లెక్క తీసుకుని, దానితో వచ్చే టెస్టులు (జవాబు సరైనదో కాదో చూసే చిన్న పరీక్షలు) పాసయ్యేలా కోడ్ రాసి, కావాలంటే మెంటర్‌ని అడుగుతారు. వరుసలో ఉన్నవాటిలో మనకు నచ్చినది తీసుకుని అభిప్రాయం రాయాలి. మనకు డబ్బులు రావు, రెప్యుటేషన్ పాయింట్లు వస్తాయి. వాటికి మా గుంటూరు బ్రాడీపేటలో ప్లేటు ఇడ్లీ కూడా రాదు.

అయినా ఇంకా చేస్తూనే ఉన్నాను. గుంటూరులో ఇంటి నుంచే నా ఉద్యోగం. రాత్రి భోజనాలయ్యాక ఒకటో రెండో చూస్తాను.

మొదటి ఆరు నెలలూ ఎర్రపెన్ను పట్టుకున్న మాస్టారిలా ప్రవర్తించాను. ఒక్కో కోడ్‌కి ఎనిమిదేసి తప్పులు. ఇక్కడ ఖాళీ ఎక్కువైంది, అక్కడ లైను 79 అక్షరాలు దాటింది, లిస్టులోవాటిని వరుస నంబర్లతో తీయడానికి రేంజ్, లెన్ కలిపి వాడే బదులు ఎన్యూమరేట్ వాడొచ్చు... చాలామంది మళ్లీ కనిపించలేదు. వాళ్లకు ఓపిక లేదనుకున్నాను. ఎనిమిది పాయింట్లు ఒకేసారి వచ్చి పడితే నేనైనా పారిపోతానని చాలా ఆలస్యంగా తట్టింది. ఇప్పుడు ఖాళీల గురించి రాయను, అది కోడ్‌ని తీరుగా సర్దే బ్లాక్, రఫ్ లాంటి ఫార్మాటర్ల పని. ఒక్క విషయం ఎంచుకుని, వీలైతే ప్రశ్నగా అడుగుతాను.

ఒకసారి బాగా పరువు పోయింది. రెయిన్‌డ్రాప్స్ అని ఒక లెక్క ఉంది. సంఖ్య 3తో భాగింపబడితే ప్లింగ్, 5తో అయితే ప్లాంగ్, 7తో అయితే ప్లోంగ్ అని కలుపుకుంటూ పోవాలి. ఒకబ్బాయి ప్లస్ గుర్తుతో ముక్కలు అతికించాడు. ‘స్ట్రింగులు (అక్షరాల వరుసలు) అలా కలిపితే నిదానం, లిస్టులో పెట్టి జాయిన్ వాడు’ అని గొప్పగా రాశాను. అతను రెండు పద్ధతులూ, పట్టే సమయం కొలిచే టైమిట్‌తో కొలిచి పంపాడు. అతనిదే వేగంగా ఉంది! వేల ముక్కలున్నప్పుడు చెప్పాల్సిన సలహాని మూడు ముక్కలకు అంటగట్టాను. అప్పటి నుంచి వేగం గురించి మాట్లాడే ముందు నేనే కొలిచి చూస్తున్నాను.

పేర్ల విషయంలో మాత్రం మొండిగానే ఉంటాను. బ్రాడీపేటలో 4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అని మాకు తెలుసు. రైలు దిగిన కొత్తవాడికి అదొక భిన్నం. ఎక్స్, టీ, టీ2 అని పేర్లు పెట్టిన కోడ్ కూడా అంతే, రాసినవాడికి అది సొంత పేట.

విసుగొచ్చే సంగతులూ ఉన్నాయి. లీపు సంవత్సరం లెక్క ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. 1900 కాదు, 2000 అవును, నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఈ మధ్య ఏఐతో రాయించి పంపేవాళ్లు కూడా తగులుతున్నారు. కోడ్ నున్నగా ఉంటుంది, ‘ఈ లైను ఎందుకు?’ అంటే జవాబుండదు.

ఆదివారాలు మా వీధిలో బీటెక్ చదివే కుర్రాడి కోడ్ కూడా చూస్తాను. మొదట్లో వాడిది ఒకటే మాట: “టెస్టులన్నీ పాసయ్యాయి కదన్నా, ఇంకేంటి?” లీపు సంవత్సరానికి, షరతు నిజమైతే ట్రూ, లేకపోతే ఫాల్స్ అని నాలుగు లైన్లు రాశాడు. “వానొస్తోందా అని అడిగితే, వస్తుంటే అవును, రాకపోతే కాదు అంటావా?” అన్నాను. నవ్వి, షరతునే జవాబుగా తిరిగిచ్చే ఒక్క రిటర్న్‌తో సరిపెట్టాడు.

తర్వాత స్ట్రింగ్‌ని తిరగేసే లెక్క. స్ట్రింగ్‌లోంచి ముక్క తీసే స్లైస్‌తో ఒక్క లైనులో తేల్చేశాడు. తప్పేమీ లేదు. “దానికి ‘గుంటూరు’ అని ఇచ్చి చూడు” అని ఊరుకున్నాను.

పది నిమిషాలకి ఫోను. “అన్నా, ముందే కొమ్ము వచ్చి గాల్లో వేలాడుతోంది. పొడవు చెప్పే లెన్‌ని అడిగితే 7 అంటోంది, మూడక్షరాలే కదా?”

పైథాన్ లెక్కపెట్టేది మన అక్షరాల్ని కాదు, యూనికోడ్ సంకేతాల్ని, అంటే కంప్యూటర్‌లో ప్రతి గుర్తుకీ ఉండే నంబర్లని. గ, కొమ్ము, సున్నా, ట, కొమ్ముదీర్ఘం, ర, కొమ్ము: ఏడు. అక్షరాలుగా విడగొట్టే సిద్ధమైన గుర్తు, పైథాన్‌తో వచ్చే రీ అనే వెతుకులాట మాడ్యూల్‌లో లేదు, విడిగా పెట్టుకునే రెజెక్స్ అనే లైబ్రరీలో ఉంది. నేనదేమీ చెప్పలేదు, వాడే వెతుక్కున్నాడు.

ఆ పై ఆదివారం వాడు తెచ్చిన ఫైల్లో టెస్టుల కింద తనే చేర్చిన లైను ఒకటి ఉంది. ఇచ్చేది ‘గుంటూరు’, రావాల్సింది ‘రుటూగుం’. పాత కోడ్‌తో నడిపితే ఫెయిలైంది. కొత్త కోడ్‌తో పాసైంది. రెండూ నా ముందే నడిపి చూపించాడు.