లాడ్జి కౌంటర్ సొరుగులో గ్రామర్ పుస్తకం

తిరుపతిలో లాడ్జి రిసెప్షన్ ఉద్యోగం నాది. ఇంగ్లిష్‌తో అవసరమల్లా యాత్రికుల బుకింగ్ సందేశాలకు జవాబులు రాయడమే. అందుకోసం కొన్న రేమండ్ మర్ఫీ ‘ఎసెన్షియల్ గ్రామర్ ఇన్ యూజ్’ కొన్నేళ్లుగా కౌంటర్ సొరుగులోనే ఉంటోంది. 2015లో కేంబ్రిడ్జి వారు తెచ్చిన నాలుగో కూర్పు. మొత్తం 115 పాఠాలు, ఎడమ పేజీలో వివరణ, కుడి పేజీలో అభ్యాసాలు. రద్దీ తగ్గిన వేళ ఒక పాఠం తేలిగ్గా పూర్తవుతుంది.

తెలుగులో ఆర్టికల్స్ (‘ఎ’, ‘యాన్’, ‘ది’) లేవు కనుక వాటిని ఒక్కసారిగా మీద పడేయకుండా విడివిడి పాఠాలుగా ఇవ్వడం నాకు నచ్చింది. ఉదాహరణలన్నీ ఎక్కడో దూరదేశాలవి. వాటి పక్కన పెన్సిలుతో మనవి రాసుకున్నాను: ఊళ్లకు ‘ది’ అక్కర్లేదు కాబట్టి తిరుపతి, చంద్రగిరి, నదులకు, కొండల వరుసలకు కావాలి కాబట్టి ది స్వర్ణముఖి, ది శేషాచలం హిల్స్. ‘ఎ’, ‘యాన్’ల ఎంపిక తర్వాత వినిపించే ధ్వనిని బట్టి ఉంటుంది: హల్లు వినిపిస్తే ‘ఎ’, అచ్చు వినిపిస్తే ‘యాన్’. అందుకే ఎ యూనివర్సిటీ అంటాం, యాన్ ఎస్వీ యూనివర్సిటీ స్టూడెంట్ అంటాం. ‘ఎస్’ హల్లు కదా అని మా మేనేజరు ఇప్పటికీ వాదిస్తారు.

అసలు పరీక్ష రిలేటివ్ క్లాజులతోనే, అంటే ఏ గది, ఏ అబ్బాయి అని చెప్పే వాక్యభాగాలతో. ‘మీరు బుక్ చేసిన గది’, ‘మీకు తాళం ఇచ్చిన అబ్బాయి’ మనకు ఒకే అచ్చులో పోసినట్లుంటాయి. ఇంగ్లిష్‌లో నామవాచకం ముందుకొస్తుంది: ది రూమ్ దట్ యూ బుక్డ్, ది బాయ్ హూ గేవ్ యూ ది కీ. మొదటిదాంట్లో ‘దట్’ తీసేయవచ్చు, ఎందుకంటే బుక్ చేసింది ‘యూ’ అని వాక్యంలోనే ఉంది. రెండోదాంట్లో ఇచ్చినవాడు ‘హూ’యే, తీస్తే వాక్యం కూలిపోతుంది. ఈ రెంటినీ వేర్వేరు పాఠాల్లో పెట్టడం తెలివైన పని. ‘మీరు దిగిన లాడ్జి’ అన్నప్పుడు ‘లాడ్జిలో’ అనే మాటలోని ‘లో’ మాయమవుతుంది. ఇంగ్లిష్ మాత్రం దాన్ని వదలదు: ది లాడ్జ్ యూ స్టేడ్ ఎట్. చివరి ‘ఎట్’ను మన అలవాటు మింగేస్తుందని తెలుగు చదువరిని హెచ్చరించే వాక్యం ఇందులో లేదు; అది మనమే గమనించుకోవాలి.

ఈ రిలేటివ్ క్లాజుల పాఠాలు వందో పాఠం దాటాక గానీ రావు. వరుసగా చదవాలన్న నియమం లేదు, ముందే తిరగేయండి. మాట్లాడటం మాత్రం దీనితో రాదు.

జవాబులు లేని కూర్పు కూడా అమ్ముతారు. సొంతంగా చదువుకునేవారు అట్ట మీద ‘విత్ ఆన్సర్స్’ అని ఉందో లేదో చూసి కొనండి.