బండి నెలల తరబడి ఆగితే బ్యాటరీకి ఏది మేలు?

ఊరెళ్తున్నామనో, ఒంట్లో బాగాలేదనో బైక్‌ను కొన్నాళ్లు పక్కన పెట్టాల్సి వస్తే చాలామంది చేసేది ఒకటే. వారానికోసారి ఎవరో ఒకరు స్టార్ట్ చేసి, బండి కదపకుండా పది నిమిషాలు ఇంజిన్‌ను అలాగే నడవనిచ్చి ఆపేస్తారు. నేనూ ఏళ్ల తరబడి అలాగే చేశాను. ప్రతి ఆదివారం తప్పకుండా స్టార్ట్ చేసిన బండే ఒకరోజు బటన్ నొక్కితే టిక్ టిక్ మని ఆగిపోయింది. వోల్టేజీ కొలిచే మల్టీమీటర్ బ్యాటరీకి పెట్టి చూస్తే 11.8 వోల్టులు.

బైకుల్లో మామూలుగా ఉండే సీసపు బ్యాటరీని రాత్రంతా వాడకుండా, ఛార్జ్ చేయకుండా ఉంచి కొలిస్తే 12.7 దగ్గర చూపించాలి. అది నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగం, 12కు దిగితే అడుగంటినట్టే. ఛార్జ్ తగ్గిన స్థితిలో వారాల తరబడి ఉంటే ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడుతుంది. బాగా గట్టిపడ్డాక ఎంత ఛార్జింగ్ పెట్టినా అది పూర్తిగా కరగదు. కాబట్టి ఏ పద్ధతినైనా నేను ఒక్క ప్రశ్నతోనే చూస్తాను: ఇది బ్యాటరీని నిండుగా ఉంచుతుందా?

పది నిమిషాల ఐడ్లింగ్ ఉంచదు. ఆ వేగంలో ఆల్టర్నేటర్ నుంచి వచ్చే కరెంట్‌లో ఎక్కువ భాగం హెడ్‌లైటుకు, ఇగ్నిషన్‌కే సరిపోతుంది. పైగా బ్యాటరీ చివరి ఇరవై శాతం నిండడానికి గంటలు పడుతుంది. ఇంజిన్ పూర్తిగా వేడెక్కకముందే ఆపేస్తే ఆయిల్‌లోనూ సైలెన్సర్‌లోనూ తేమ మిగిలిపోతుంది, అది ఇంకో నష్టం. అరగంటకు పైగా రోడ్డు మీద తిప్పుకొస్తే మాత్రం మంచిదే.

బ్యాటరీ మైనస్ వైరు తీసేయడం దీనికంటే ఎంతో నయం, పైసా ఖర్చు లేదు. గడియారం, అలారం, ట్రాకర్ లాంటివి బండి ఆపాక కూడా కరెంట్ తాగుతూనే ఉంటాయి. అన్నీ కలిపి 10 మిల్లీ ఆంపియర్లే అనుకున్నా రోజుకు 0.24 ఆంపియర్ అవర్ (బ్యాటరీ సామర్థ్యాన్ని కొలిచే యూనిట్) పోతుంది. 5 ఆంపియర్ అవర్ బ్యాటరీ మూడు వారాల్లో ఖాళీ. విప్పేటప్పుడు ముందు మైనస్, బిగించేటప్పుడు ముందు ప్లస్. ఫ్రేమంతా మైనసే కాబట్టి ప్లస్ మీదున్న స్పానర్ ఫ్రేముకు తగిలితే నిప్పురవ్వలు లేస్తాయి. అయితే వైరు తీసినా బ్యాటరీ తనంతట తానే కొంచెం కొంచెంగా దిగుతుంది, ఎండాకాలంలో ఇంకా త్వరగా. నెల వరకు ఫరవాలేదు, ఆపైన ఛార్జర్ కావాల్సిందే.

ఛార్జర్‌లో మామూలుదా, స్మార్ట్‌దా? మామూలుది చవక, కానీ బ్యాటరీ నిండినా ఆగదు. రాత్రి పెట్టి మర్చిపోతే బ్యాటరీలోని నీళ్లు గ్యాసై పోతాయి, సీల్డ్ బ్యాటరీ అయితే ఉబ్బిపోతుంది. ఆ గ్యాస్‌లో హైడ్రోజన్ ఉంటుంది, గాలి ఆడని గదిలో చాలా ప్రమాదం. కారు ఛార్జర్ తగిలించడం ఇంకా పొరపాటు. బ్యాటరీ సామర్థ్యంలో పదో వంతు కరెంట్ చాలు, అంటే 5 ఆంపియర్ అవర్‌కు అర ఆంపియర్. స్మార్ట్ ఛార్జర్ 14.4 వోల్టుల దాకా తీసుకెళ్లి, కరెంట్ తగ్గిస్తూ వచ్చి, నిండాక 13.5 దగ్గర నిలబెడుతుంది. వారాల తరబడి తగిలించి ఉంచినా టెన్షన్ లేదు. బండి పెట్టే చోట ప్లగ్గు లేకపోతే బ్యాటరీ విప్పి ఇంట్లోకి తెచ్చుకుని నెలకోసారి పెట్టినా అదే ఫలితం. దీనికి ఒక లోపముంది: మరీ అడుగంటిన బ్యాటరీని చాలా స్మార్ట్ ఛార్జర్లు గుర్తించవు. అందుకే బండి ఆపిన మొదటి రోజే పెట్టాలి, పాడయ్యాక కాదు.

నేనైతే స్మార్ట్ ఛార్జరే కొనమంటాను. అది కుదరకపోతే నిండా ఛార్జ్ చేసి మైనస్ తీసేయండి.

పైమూతలున్న పాత రకం బ్యాటరీ అయితే ఛార్జింగ్‌కు ముందు నీళ్లు ప్లేట్లు మునిగేలా ఉన్నాయో లేదో చూసి, తగ్గితే డిస్టిల్డ్ వాటరే పోయాలి, యాసిడ్ వద్దు. పై గీత దాకా నింపడం మాత్రం ఛార్జింగ్ అయ్యాకే, ముందే నింపితే పొంగి బయటికొస్తుంది. లిథియం బ్యాటరీకి దాని కోసం చేసిన ఛార్జరే వాడాలి. సీసపు బ్యాటరీల కోసం కొన్ని స్మార్ట్ ఛార్జర్లలో ఉండే సల్ఫేట్ కరిగించే మోడ్ దానికి హాని చేస్తుంది. ఇక పూర్తిగా ఛార్జ్ చేసి, వైర్లు తీసి ఉంచిన బ్యాటరీ కూడా తెల్లారేసరికి 12.4 కిందికి పడిపోతుంటే, ఛార్జర్ మీద ఖర్చు పెట్టకండి. ఆ డబ్బు కొత్త బ్యాటరీకి ఉంచుకోండి.