ట్రాన్స్‌జెండర్ గుర్తింపు పోర్టల్: పాత రిజిస్టర్‌కు కొత్త అట్ట

సేవ: కేంద్ర సామాజిక న్యాయ శాఖ నడిపే జాతీయ ట్రాన్స్‌జెండర్ పోర్టల్, గుర్తింపు సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టే చోటు. మొదలైంది 2020 నవంబర్ 25న. 2019 ట్రాన్స్‌జెండర్ హక్కుల చట్టం అమలుకు వచ్చిన 2020 రూల్స్ కింద 2025 చివరి దాకా అది నడిచిన తీరు మీదే ఈ సమీక్ష. కాగితం చేతికొచ్చే పద్ధతికి 5కి 3 ఇవ్వచ్చు. ఫారం వెనకున్న ఆలోచనకు 1 చాలు.

ముందు పని సంగతి. ఈమెయిల్, మొబైల్ నంబర్‌తో ఖాతా తెరవాలి. పుట్టినప్పుడు పెట్టిన పేరు, మీరు పెట్టుకున్న పేరు రెండూ రాయాలి. ఫొటో, సంతకం, గుర్తింపు పత్రం, నోటరీ చేయించిన అఫిడవిట్ అప్‌లోడ్ చేయాలి. దరఖాస్తు పెట్టే నాటికి ఆ జిల్లాలో వరసగా 12 నెలలు ఉండి ఉండాలి. సర్టిఫికెట్ ఇచ్చేది కలెక్టర్, గడువు 30 రోజులు. శరీర పరీక్ష, డాక్టర్ చీటీ అక్కర్లేదని 2020 రూల్స్ తేల్చి చెప్పాయి. అయినా ఎవరైనా క్లర్కు "మెడికల్ ఏదమ్మా?" అంటే ఆ రూల్ ప్రింటు తీసి బల్ల మీద పెట్టండి. వాదన కన్నా అదే త్వరగా పని చేస్తుంది.

తెలుగువాళ్ల దరఖాస్తులు ఎక్కువగా చిక్కుకునేది పేరు దగ్గర. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఎస్సెస్సీ మెమోలో ఒక్క అక్షరమే ఉంటుంది. లక్ష్మి అని ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు ఒకచోట కేఎస్, ఇంకోచోట ఎక్స్ పడుతుంది. అఫిడవిట్ టైప్ చేసేవాళ్లు తమ దగ్గరున్న పాత నమూనాలో పేరు మార్చి అచ్చు తీసేస్తారు. ఇంటిపేరు చివర పడిందా, ముందు పడిందా చూడరు. అక్కడ ఒక్క అక్షరం తేడా వచ్చినా దరఖాస్తు వెనక్కి రావచ్చు. కాబట్టి ఆధార్ పక్కన పెట్టుకుని పాత పేరు అందులో ఉన్నట్టే, అక్షరం పొల్లుపోకుండా కొట్టించండి. కొత్త పేరు మాత్రం ఇకపై అన్ని కార్డుల్లో ఎలా ఉండాలనుకుంటున్నారో అలా, ఇంటిపేరుతో సహా, ఇప్పుడే ఖాయం చేసుకోండి.

రెండో చిక్కు: ఏ సర్టిఫికెట్ అడుగుతున్నాం అన్నది. 2019 చట్టం 6వ సెక్షన్ కింద వచ్చే కాగితం మీద "ట్రాన్స్‌జెండర్" అని మాత్రమే ఉంటుంది. స్త్రీ అనో పురుషుడు అనో కావాలంటే 7వ సెక్షన్ కింద మళ్లీ దరఖాస్తు పెట్టాలి. సర్జరీ జరిగిన ఆసుపత్రి మెడికల్ సూపరింటెండెంటో చీఫ్ మెడికల్ ఆఫీసరో సంతకం చేసిన పత్రం జత చేయాలి. ఈ రెండో సర్టిఫికెట్ ఇవ్వడానికి గడువు 15 రోజులు. డిశ్చార్జ్ సమ్మరీ ఇచ్చి సరిపెట్టుకోకుండా ఆ పత్రం విడిగా అడిగి తీసుకోండి. ఎవరి జెండర్ ఏమిటో వాళ్లే చెప్పుకోవచ్చు, సర్జరీ షరతు పెట్టకూడదు అని సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న నల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) వేసిన కేసు తీర్పులో చెప్పింది. ఆరేళ్లు తిరక్కుండానే పార్లమెంటు సగం హక్కు డాక్టర్ సంతకానికి అప్పజెప్పింది.

ఈ డాక్టరూ, ఈ కలెక్టరూ ఎక్కణ్ణుంచి వచ్చారో చూస్తే ఫారం స్వభావం తెలుస్తుంది. బ్రిటిష్‌వాళ్ల 1871 నేర జాతుల చట్టం రెండో భాగం హిజ్రాల పేర్లు, చిరునామాలు రిజిస్టర్‌లో ఎక్కించమంది. ఆ పేరు కిందికి ఎవరొస్తారో తేల్చడానికి ఒప్పుకోలు లేదా వైద్య పరీక్ష. రిజిస్టర్‌కెక్కినవాళ్లు ఆడబట్టలతో వీధిలో కనిపిస్తే వారెంటు లేకుండా అరెస్టు, రెండేళ్ల దాకా జైలు. వాళ్లు వీలునామా రాయకూడదు, దత్తత తీసుకోకూడదు. హిజ్రా గురువు ఆస్తి చేలాకు, అంటే శిష్యులకు, వెళ్లే దారి మూసెయ్యడమే ఇందులోని గుట్టు. హైదరాబాద్ సంస్థానం బ్రిటిష్ ఇండియా కాదు. అయినా 1329 ఫస్లీలో, అంటే 1919లో, అలాంటి చట్టమే తెచ్చుకుంది. అది రాజ్యాంగ విరుద్ధమని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది 2023 జులైలో! ట్రాన్స్ కార్యకర్త వైజయంతి వసంత మొగ్లి మరికొందరితో కలిసి 2018లో కేసు వేయకపోతే ఇంకా పుస్తకాల్లోనే ఉండేదేమో.

ఇప్పటి ఫారంలో శిక్ష లేదు, నిజమే. పోలీసు రిజిస్టర్‌తో దీన్ని సమానం చేస్తే అన్యాయం. కానీ కుటుంబం అనే గడి చూడండి. 2019 చట్టం దృష్టిలో కుటుంబమంటే రక్తసంబంధం, పెళ్లి, చట్టప్రకారం దత్తత. అంతే. ఇంట్లోంచి గెంటేసిన పిల్లను పదేళ్లు సాకిన గురువు ఈ లెక్కలో ఎవరూ కాదు. కన్నవాళ్లు చూసుకోలేకపోతే కోర్టు పునరావాస కేంద్రానికి పంపాలంటుంది 12వ సెక్షన్. ఇదే దేశంలో సాధువులూ సన్యాసులూ పాస్‌పోర్టు ఫారంలో తల్లిదండ్రుల పేర్ల బదులు గురువు పేరు రాసుకోవచ్చని 2016 డిసెంబర్‌లో విదేశాంగ శాఖ వెసులుబాటు ఇచ్చింది. కాషాయం కట్టిన గురువుకు ఉన్న గడి హిజ్రా జమాత్ (సమూహం) గురువుకు లేదు.

పేర్ల సంగతీ అంతే. చట్టం నిర్వచనంలో కిన్నర్, హిజ్రా, అరవాణి, జోగ్త ఉన్నాయి. తెలంగాణ శివసతులు లేరు. ఉన్నవాళ్లకైనా కార్డు మీద పడేది ఒకే మాట. రకరకాల బతుకులను ఒక్క ఖానాలో కుక్కే అలవాటు 1871 నాటిదే.

అలాగని "తెల్లవాడు రాకముందు మన దగ్గర అంతా బాగుండేది" అనే వాదనకు మార్కులు వెయ్యలేం. డీకలోనియల్ (వలస పాలన ఆలోచనలను వదిలించుకోవడం) అనే మాట పట్టుకుని పురాణాల్లోంచి శిఖండినీ బృహన్నలనూ తెచ్చి చూపేవాళ్లు కులం దగ్గరికి రాగానే మాట మార్చేస్తారు. తమిళనాడులో గ్రేస్ బాను వంటి దళిత ట్రాన్స్ కార్యకర్తలు అడుగుతున్నది హారిజాంటల్ రిజర్వేషన్: ఎస్సీ ట్రాన్స్ వ్యక్తికి ఎస్సీ కోటాలోనే ట్రాన్స్ వాటా. అందరినీ కలిపి బీసీల్లో వేస్తే దళితులు ఉన్నది పోగొట్టుకుంటారు. జెండర్ కార్డు వచ్చిందని కుల ధ్రువపత్రాన్ని పక్కన పడేయకండి, రెండూ వాడుకలో ఉంచుకోండి.

ఈ పోర్టల్లో మెచ్చుకోవాల్సినవన్నీ ఉద్యమాలు పోరాడి తెచ్చుకున్నవే. 2018 బిల్లులో జిల్లా స్క్రీనింగ్ కమిటీ ఉండేది, తీయించారు. 2020 ఏప్రిల్ ముసాయిదా రూల్స్ సైకాలజిస్టు రిపోర్టు అడిగాయి, అదీ పోయింది.

ఇక కార్డు చేతికొచ్చాక వరస: ముందు ఆధార్, తర్వాత పాన్, ఆపైన బ్యాంకు. ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి 5 లక్షల ట్రాన్స్ వైద్య కవరేజీకి 2022 ఆగస్టులో ఒప్పందం జరిగింది, దానికీ ఈ సర్టిఫికెట్టే ఆధారం. ఎస్సెస్సీ మెమో మార్చం అంటే 2020 రూల్స్ అనుబంధం చూపించండి. మార్చాల్సిన పత్రాల జాబితాలో స్కూళ్లు, బోర్డులు ఇచ్చేవీ ఉన్నాయి. దరఖాస్తు తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి. అప్పీలుకు గడువు 90 రోజులు, లెక్క మొదలయ్యేది ఆ సమాచారం మీకు అందిన రోజు నుంచి. కాబట్టి పోర్టల్లో స్టేటస్ మారిన రోజే తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి దాచండి.